న్యాయపీఠం దిగి ప్రీమియర్ అయిన ఆలివర్ మోవాట్

ప్రశ్న: కెనడాలో న్యాయమూర్తి పదవి వదులుకొని రాష్ట్ర రాజకీయాల్లో రాణించినవారు ఉన్నారా?

జవాబు: ఆలివర్ మోవాట్ ఉన్నారు. 1820లో కింగ్‌స్టన్‌లో పుట్టిన ఆయన, తరువాతి కాలంలో కెనడా తొలి ప్రధాని అయిన జాన్ మెక్‌డొనాల్డ్ దగ్గరే వకీలు వృత్తి నేర్చుకున్నారు. 1864లో ఛాన్సరీ న్యాయస్థానంలో (చట్టం అక్షరాల కన్నా న్యాయబుద్ధిని బట్టి సివిల్ తగవులు తీర్చే కోర్టు) న్యాయమూర్తి అయ్యారు. 1872లో ఆ పీఠం దిగి, 1896 దాకా అంటారియో రాష్ట్రానికి ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో, పాలించారు. గురువు కేంద్రమే బలంగా ఉండాలని పట్టుబడితే, శిష్యుడు రాష్ట్రాల హక్కుల కోసం అప్పట్లో కెనడా కేసులకు తుది అప్పీలు వేదికైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోరాడారు. శనివారం రాత్రి, రాష్ట్ర చట్టం కింద నిషేధించిన వేళలో బిలియర్డ్స్ ఆడనిచ్చిన హాడ్జ్ అనే టొరంటో మద్యశాల యజమాని కేసులో 1883లో ఆ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు, తన పరిధిలోని విషయాలపై రాష్ట్ర శాసనసభకు సంపూర్ణాధికారం ఉందని తేల్చింది. ఒక బిలియర్డ్స్ బల్ల దగ్గర మొదలైన తగవు అంతటి సూత్రానికి దారితీయడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.