సెలెరీ రసం మందవుతుందా?

ప్రశ్న: సెలెరీలో మనం తినే పొడవాటి కాడ కాండమా, ఆకా? దాని రసం పరగడుపున తాగితే రక్తపోటు తగ్గుతుందని విని నెల రోజులుగా తాగుతున్నాను. మా మామగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వేసుకుంటారు. ఆయనకూ ఇవ్వవచ్చా?

– ఒక పాఠకురాలు

జవాబు: మీరు తినేది కాండం కాదు, ఆకు తొడిమ. 1753లో లిన్నేయస్ ఎపియం గ్రావియోలెన్స్ అని పేరు పెట్టిన ఈ మొక్క కొత్తిమీర, జీలకర్ర, క్యారెట్ల కుటుంబానికి చెందినది. దీని అసలు కాండం మొదటి ఏడాది నేలకు ఆనుకొని పొట్టిగా ఉండిపోతుంది. రెండో ఏడాది పైకి సాగి, గొడుగుల్లాంటి తెల్లని పూగుత్తులు తొడిగి, గింజలు కాస్తుంది. కాడను విరిచినప్పుడు దారాల్లా ఊడివచ్చేవి, బరువైన ఆకును నిలబెట్టే స్థూలకోణ కణజాలపు పోగులు.

నూరు గ్రాముల కాడలో దాదాపు 95 గ్రాములు నీరే. కేలరీలు సుమారు 15, పీచు 1.6 గ్రాములు, పొటాషియం 260 మిల్లీగ్రాములు ఉంటాయి. దీన్ని అరిగించుకోవడానికి అది ఇచ్చే శక్తి కంటే ఎక్కువ ఖర్చవుతుందన్న ప్రచారం నిజం కాదు. రసాన్ని వడకడితే పీచులో ఎక్కువ భాగం పిప్పితో పోతుంది కనుక, కాడను నమిలి తినడమే మేలని నా అభిప్రాయం.

రక్తపోటు మాట పూర్తిగా నిరాధారం కాదు. సెలెరీకి ఆ ఘాటైన వాసననిచ్చే థాలైడ్లలో ఒకటైన బ్యుటైల్‌థాలైడ్ జంతువులలో రక్తనాళాలను సడలించి రక్తపోటును తగ్గించినట్లు పరిశోధనలలో కనిపించింది. అయితే మనుషులపై జరిగిన చిన్న పరీక్షలలో ప్రధానంగా వాడినది గింజల సారం. ఆ ఫలితాన్ని గ్లాసెడు కాడల రసానికి అంటగట్టడం సరికాదు. మీకు రక్తపోటు మాత్రలు ఉంటే, ఈ రసాన్ని నమ్ముకొని దయచేసి వాటిని మానకండి.

సెలెరీ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో ఆహార పదార్థాలపై తప్పనిసరిగా పేర్కొనవలసిన 14 అలర్జీ కారకాలలో ఇదీ ఒకటి. నోటిలో దురద, పెదవుల వాపు కనిపిస్తే వెంటనే మానేయాలి. దీనిలోని సొరాలెన్లు అనే రసాయనాలు చర్మానికి అంటుకున్నాక ఎండ తగిలితే బొబ్బలెక్కవచ్చు. పొలంలో కాడలు కోసేవారికి ఈ బాధ ఎక్కువ.

మీ మామగారి విషయంలో మాత్రం తొందరపడకండి. నూరు గ్రాముల సెలెరీలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె దాదాపు 30 మైక్రోగ్రాములు ఉంటుంది. వార్ఫరిన్ పనిచేసేది ఆ విటమిన్‌కు అడ్డుపడడం ద్వారానే. కూరలో నాలుగు ముక్కలు పడితే పెద్దగా తేడా రాదు గానీ, గ్లాసు రసానికి చాలా కాడలు పడతాయి. దాన్ని ఉన్నట్టుండి మొదలుపెట్టినా, ఉన్నట్టుండి ఆపినా మందు మోతాదు లెక్క తప్పవచ్చు. వైద్యుణ్ణి అడిగి, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాకే ఆయనకు ఇవ్వండి.