కిటాలో మన ‘పాప’

జర్మనీకి కొత్తగా వచ్చి, బిడ్డను కిటాలో (పసిపిల్లలను పగటిపూట చూసుకునే కేంద్రంలో) చేర్పించబోయే తల్లిదండ్రులకు తరచూ వచ్చే సందేహం ఇది: ‘ఇంట్లో పాపా అని పిలుస్తాం, అక్కడేమైనా ఇబ్బందా?’

మొదటి వారాల్లో కాస్త ఇబ్బందే. జర్మన్‌లో పాపా అంటే నాన్న. సాయంత్రం టీచర్ ‘పాపా ఇస్ట్ డా’ (నాన్న వచ్చారు) అంటే మీ చిన్నది తననే పిలిచారనుకుంటుంది. మీరు గుమ్మంలోంచి ‘పాపా, రామ్మా’ అంటే, తండ్రే కూతుర్ని నాన్నా అంటున్నాడేమిటని టీచర్లు చూస్తారు. మనకు అందులో వింతేమీ లేదు, పిల్లల్ని ముద్దుగా ‘నాన్నా’ అంటూనే ఉంటాం. అరబ్బు తండ్రులు కూడా బిడ్డను ‘బాబా’ అని పిలుస్తారు. ఆ సంగతి టీచర్‌కు ముందే చెప్పండి, సంతోషంగా వింటారు.

జర్మన్‌లోకి ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. మన పాప ద్రావిడ మాట. తమిళంలోనూ ‘పాప్పా’ అంటే చంటిబిడ్డే. రెండింటికీ చుట్టరికం లేదు. పెదవులు మూసి తెరిస్తే చాలు, ‘ప’, ‘మ’ వచ్చేస్తాయి. అందుకే పసివాళ్ల నోట ముందు అవే పలుకుతాయి. ఆ పలుకులకు ఒక్కోచోట పెద్దలు ఒక్కో అర్థం కట్టుకున్నారని భాషావేత్త రోమన్ యాకబ్సన్ వివరించాడు. కాబట్టి ‘జర్మన్ మాటలన్నీ తెలుగులోంచే వెళ్లాయి’ అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే దయచేసి నమ్మకండి. మన భాష గొప్పదనానికి అలాంటి ఆధారం అక్కర్లేదు.

పెరూ పిల్లలెవరైనా కిటాలో ఉంటే ఇంకో అర్థం వినిపిస్తుంది. ఆండీస్ కొండల్లోని కెచువా భాషలో పాపా అంటే బంగాళాదుంప. స్పెయిన్‌వాళ్లు 16వ శతాబ్దంలో అక్కడికి వెళ్లి దుంపతోపాటు దాని పేరునూ తీసుకున్నారు. లాటిన్ అమెరికా స్పానిష్‌లో ఇప్పటికీ అదే పేరు. అదే మాటను చివర నొక్కి పలికితే మాత్రం నాన్న! ఇటాలియన్‌లోనూ చివర నొక్కితే నాన్న, మొదట నొక్కితే పోప్.

బంధుత్వాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పోలిష్‌లో ‘తాతా’ అంటే నాన్న. జర్మన్‌లో ‘మామా’ అమ్మ అయితే, జార్జియా భాషలో అదే నాన్న. టర్కీవాళ్లకు ‘అన్నె’ అంటే అమ్మ. పనివాళ్లను రప్పించేందుకు జర్మనీ, టర్కీ 1961లో చేసుకున్న ఒప్పందం తర్వాత అక్కడి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి కనుక టీచర్లకు ఆ మాట బాగా తెలుసు. మీ చిన్నది ‘అన్న కావాలి’ అని ఏడిస్తే అమ్మ కోసమనుకుంటారు.

అలాగని ఇంట్లో పిలుపులు మార్చకండి. అమ్మ, నాన్న, అన్న, తాత, మామ, పాప అనే మాటలకు జర్మన్‌లో అర్థాలు రాసి, పక్కన ఫోటోలు అంటించిన కాగితం చేరిన రోజే ఇవ్వండి. బిడ్డను తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల ఫారంలో ‘తాత’ అని కాకుండా పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు రాయండి. తాతగారు మొదటిసారి వెళ్లే రోజు పాస్‌పోర్టు వెంట ఉంచుకోమనండి, అడగవచ్చు.