పొట్టు అంటే పారేసేదేనా?

సందేహం: మాది హనుమకొండ. పెళ్ళయి శ్రీకాకుళం వచ్చి ఏడాది కావస్తోంది. మొన్న మా అత్తగారు బజారుకు వెళ్తూ, "అలమరలో డబ్బాలో రొయ్యపొట్టు ఉంది, శుభ్రం చేసి ఉంచమ్మా, వచ్చాక సింతసిగురులో ఏస్తాను" అన్నారు. డబ్బా తీసి చూస్తే చిన్న చిన్న ఎండు రొయ్యలు, తలలు, మీసాలు అన్నీ కలిసి ఉన్నాయి. పొట్టు అన్నారు కదా, రొయ్యలు ఒలిచాక మిగిలిన పెంకులు కాబోలు అనుకున్నాను. అంతా పారబోసి, డబ్బా తోమి బోర్లించాను. ఇప్పటికీ భోజనానికి కూర్చున్నప్పుడల్లా మా మామయ్యగారు "పొట్టు తీశావా అమ్మా?" అని నవ్వుతున్నారు. నిఘంటువు చూస్తే పొట్టు అంటే గింజ మీది పైపొర అనే ఉంది. మరి తినేదాన్ని పొట్టు అనడం తప్పు కాదా? పనసపొట్టు కూడా ఇంతేనా? రాసేటప్పుడు ‘రొయ్యపొట్టు’ అనాలా, ‘రొయ్యల పొట్టు’ అనాలా? ఇంకొకటి. మా అమ్మ పంపిన మామిడికాయ తొక్కు చూసి పక్కింటావిడ "తొక్కలతో కూడా పచ్చడి పెడతారేటి?" అని అడిగింది. ఆవిడకేం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాట తప్పు కాదు. మీరు అనుకున్న అర్థం కూడా తెలుగులో ఉన్నదే. తేడా అంతా ఆ మాట రొయ్య పక్కన చేరినప్పుడు ఏ అర్థంతో చేరిందన్న దగ్గర వచ్చింది.

మొదట పొట్టు సంగతి చూద్దాం. గింజనో పప్పునో అంటిపెట్టుకుని ఉండే పలుచని పొర పొట్టు. ఇది పాతమాట, కన్నడంలో హొట్టు అంటారు. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి అయినట్టే ఇదీను. మినుములు నానబోసి రెండు చేతులతో రుద్దితే నీళ్ళ మీదికి తేలేది మినప్పొట్టు. వేయించిన వేరుశనగ గింజలు నలిపి ఊదితే ఎగిరిపోయేదీ పొట్టే. వడ్ల దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు మరింత వివరంగా పేర్లు పెట్టుకున్నారు: పైన గరుకుగా ఉండేది ఊక, బియ్యం దంచితే వచ్చేవి చిట్టు, తవుడు.

మీరు పలాస వైపు వెళ్ళినప్పుడు జీడిపప్పు ఎలా తీస్తారో ఒకసారి చూడండి. ఈ మాటల తేడా కంటి ముందు కనబడుతుంది. మన వైపు గింజను పిక్క అంటాం కదా, జీడిపిక్కకు బయట ఉండే గట్టి భాగం పెంకు. దాన్ని పగలగొట్టాలి. లోపల పప్పును అంటుకుని ఎర్రగా, కాగితంలా ఒక పొర ఉంటుంది. అది పొట్టు. దాన్ని గోటితోనో చిన్న కత్తితోనో ఓపికగా తీయాలి. గట్టిగా ఉంటే పెంకు, పలుచగా ఉంటే పొట్టు. పగలగొట్టేది పెంకు, ఒలిచేది పొట్టు. పనిచేసే చేతులు ఏర్పరచుకున్న తేడా ఇది.

ఇందులో ఎక్కడా ‘పనికిరానిది’ అనే అర్థం లేదు. ఆ అర్థానికి తెలుగులో వేరే మాటలున్నాయి. లోపల గింజ కట్టని వడ్లు తాలు, పొల్లు. ‘ఆయన మాట పొల్లుపోదు’ అంటే వృథా కాదని. అచ్చు లేని హల్లును పొల్లు అనడం కూడా ఈ భావంతో చూస్తే చక్కగా అతుకుతుంది. న్‌ను నకారపొల్లు అని బడిలో నేర్చుకున్నాం. పొల్లుకు విలువ లేదు కానీ పొట్టుకు ఉంది. కందిపొట్టు, శనగపొట్టు పశువులకు మేత. పొట్టు మినపప్పు రుబ్బితే వచ్చే దిబ్బరొట్టె రుచి చాయపప్పుతో రాదని మన ఇళ్ళలో చాలామంది అంటారు, ఆ మాట నిజం. ఇక బీరపొట్టు పచ్చడి ఉండనే ఉంది. బీరకాయ చెక్కు తీసి కాయ కూరకు, చెక్కు పచ్చడికి వాడుకునే ఇంట్లో పొట్టు అంటే పారేసేదని ఎవరూ అనుకోరు.

మీ డబ్బా దగ్గరికి వద్దాం. రొయ్యపొట్టు అన్న పేరును ఒంటరిగా చూస్తే అర్థం కాదు, జంటగా చూడాలి. ఎండుచేపలు అమ్మే చోటికి వెళ్ళి రొయ్యలు అడిగితే "పప్పు కావాలా, పొట్టు కావాలా?" అంటారు. పెంకు ఒలిచి ఎండబెట్టినవి రొయ్యపప్పు. ఒలవడానికి వీలుకానంత చిన్న రొయ్యలను పెంకుతో సహా ఎండబెడితే అది రొయ్యపొట్టు. తెలుగులో పప్పు అంటే కంది, పెసర మాత్రమే కాదు, ఏ కాయకైనా లోపలి సారం పప్పే: జీడిపప్పు, బాదంపప్పు, సారపప్పు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు రొయ్యనూ ఒక గింజలాగే చూశారు. పైన పొర, లోన పప్పు. పొర తీస్తే రొయ్యపప్పు, తీయకపోతే రొయ్యపొట్టు. చాయ మినపప్పు, పొట్టు మినపప్పు అని మనం కిరాణా కొట్లో అడిగే పద్ధతే ఇది. పొట్టు మినపప్పు కొనేవాడు పొట్టు మాత్రమే కొనడం లేదు, పొట్టుతో ఉన్న పప్పు కొంటున్నాడు. మీ అత్తగారి డబ్బాలో ఉన్నదీ అటువంటిదే.

ఆవిడ శుభ్రం చేయమన్నది కూడా ఎందుకో చెప్పాలి. ఈ చిన్న రొయ్యలను చాలాచోట్ల ఒడ్డునే ఎండబెడతారు కాబట్టి ఇసుక కలుస్తుంది. మూకుడులో నూనె లేకుండా కాసేపు వేయిస్తే తలలు, మీసాలు పెళుసెక్కుతాయి. చల్లారాక గుడ్డలో వేసి నలిపి, చాటలో పోసి చెరిగితే మీసాలు ముందుకు జారిపోతాయి, ఇసుక అడుగున మిగులుతుంది. అప్పుడు రెండు నీళ్ళతో కడిగి కూరలో వేస్తారు. చెరగడం, జాడించడం, నలపడం – ఈ క్రియలన్నీ ‘శుభ్రం చేయడం’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోయి ఉన్నాయి. వంటింట్లో పెద్దవాళ్ళ మాటలు ఇలాగే క్లుప్తంగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగి తెలుసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చింతచిగురుతో చేసే ఈ కూర వేసవిలోనే ఎక్కువగా ఎందుకు కనబడుతుందో చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. బారువ, భావనపాడు, కళింగపట్నం నుంచి విజయనగరం జిల్లా చింతపల్లి, కోనాడ దాకా ఒడ్డున పడవలు ఆగిపోతాయి. పచ్చిచేప దొరకడం తగ్గి ధర పెరుగుతుంది. ముందే ఎండబెట్టుకున్న నెత్తళ్ళు అనే చిన్న చేపలు, రొయ్యపొట్టు అప్పుడు అక్కరకొస్తాయి. సరిగ్గా ఆ ఎండల్లోనే చింతచెట్టు చిగురిస్తుంది. చిగురు లేతగా, పుల్లగా ఉంటుంది కనుక వేరే చింతపండు పులుసు పోయక్కర్లేదు. అరచేతుల్లో నలిపి, ఈనెలు ఏరి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేగాక వేస్తే అదే మెత్తబడుతుంది. ఏ కాలంలో ఏది దొరికితే దానితో కుదిర్చిన జోడీ ఇది.

ఈ కూరను ‘చింతచిగురు రొయ్యపొట్టు ఇగురు’ అంటారు. ఇక్కడ చిన్న చిక్కుంది. ఇగురు అంటే చిగురు అని కూడా పాత అర్థం ఉంది. చిగిర్చడాన్ని కవులు ఇగిర్చడం అన్నారు. కూర పేరులో ఇగురు అది కాదు. నీరు ఇగిరిపోయే దాకా ఉడికించేది కాబట్టి ఇగురు. పులుసు పలుచన, ఇగురు దగ్గరగా ఉంటుంది. ఒకే పేరులో చిగురూ ఇగురూ పక్కపక్కన వచ్చి చేరడం నాకు భలే ఇష్టం.

పనసపొట్టు దారి వేరు. పనసకాయ పైన ముళ్ళలా ఉండే గట్టి భాగాన్ని చెక్కి పారేస్తారు. దానికీ పొట్టుకూ సంబంధం లేదు. చేతులకు, కత్తికి నూనె రాసుకుని, లోపలి లేతకాయను కత్తితో టకటకా సన్నగా కొడతారు. తరగడం అనరు, కోయడం అనరు. ‘పొట్టు కొట్టడం’ అనే అంటారు. అలా కొట్టగా వచ్చిన సన్నని తునకలు పొట్టులా ఉంటాయి కాబట్టి పనసపొట్టు. కలప కోస్తుంటే రాలేదాన్ని రంపపు పొట్టు అంటాం కదా, అదీ ఈ అర్థమే. గ్యాస్ రాక ముందు చాలా ఇళ్ళలో రంపపు పొట్టు కూరి వెలిగించే పొయ్యిలు ఉండేవి. చెక్కకు పైపొర ఏమిటని ఎవరూ అడగలేదు. పొర అనే అర్థం నుంచి సన్నని తునక అనే అర్థానికి మాట జరిగింది. అంటే పొట్టు మినపప్పులోనూ రొయ్యపొట్టులోనూ పొర ఉంది, పనసపొట్టులోనూ రంపపు పొట్టులోనూ పొర పోయి తునక మిగిలింది. రొయ్యపొట్టును కూడా తునకల అర్థంలోనే చూడాలనేవాళ్ళు ఉండవచ్చు. రొయ్యపప్పు అనే జంట మాట అంత స్పష్టంగా ఉన్నాక నాకు ఆ అవసరం కనబడదు.

నిఘంటువులో లేదు కనుక తప్పా అని అడిగారు. ఈ ప్రశ్న శ్రీకాకుళం నుంచి వచ్చింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. నిఘంటువుకు ఎక్కని మాట తప్పుమాట కాదు, ఎవరూ ఇంకా వచ్చి రాసుకోని మాట. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం లాంటి నిఘంటువులు కావ్యాలు చదువుకునేవారి కోసం కూర్చినవి. వాటిలో ఎండురొయ్యల బుట్ట కోసం వెదికితే దొరక్కపోవడం సహజం. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడింది ఈ విషయం మీదే. సవర గిరిజనుల నోటి మాటలు విని ఆ భాషకు నిఘంటువు కట్టిన మనిషి ఆయన. తర్వాత భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాజిల్లా రైతుల మాటలు పోగుచేయించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా తెచ్చారు. ఊక, తాలు, పొల్లు వంటి మాటల పట్టింపు ఎంత లోతైనదో రైతుల నోట వింటేనే తెలుస్తుంది. మీరు కూడా మీ అత్తగారు వాడే వంటింటి మాటలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. బయటి నుంచి వచ్చిన చెవికి వినబడే తేడాలు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు వినబడవు.

రాసేటప్పుడు ‘రొయ్యపొట్టు’ అని కలిపి రాయండి. చేపముల్లు, కోడిగుడ్డు, చింతపిక్క లాగే అది ఒక వస్తువు పేరు. అలాంటి పేర్లలో మొదటి మాట ఏకవచనంలో ఉంటుంది. చేపల పులుసు, రొయ్యల వేపుడు అంటున్నాం కదా అనవచ్చు. అవి వంటకాలు. అక్కడ చేపలను చేపలుగా, రొయ్యలను రొయ్యలుగా చెబుతున్నాం. ‘రొయ్యల పొట్టు’ అని విడదీస్తే రొయ్యల నుంచి తీసిన పెంకులు అన్న అర్థానికీ చోటు ఉంటుంది. మాటల్లో ఎవరైనా రొయ్యల పొట్టు అంటే సరిదిద్దనక్కర్లేదు, వినేవాళ్ళకు సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. రాతలో మాత్రం ఈ తేడా పాటించడం మంచిది.

ఇక మీ అమ్మగారి తొక్కు. పక్కింటావిడ విన్నది తొక్క, మీరు అన్నది తొక్కు. పైతోలు తొక్క. తొక్కి, అంటే దంచి, చేసేది తొక్కు. రోట్లో రోకలితో నలగ్గొట్టడాన్ని తొక్కడం అనడం తెలంగాణకే పరిమితం కాదు. కోస్తాలో తొక్కుడు పచ్చడి అనే మాట ఉంది. బందరు లడ్డూను తొక్కుడు లడ్డు అనేదీ అందుకే, దాన్ని రోట్లో వేసి దంచుతారు కనుక. తొక్కుడు లడ్డులో తొక్కలు ఉండవని మీ పక్కింటావిడకు బాగా తెలుసు. ఆ మాట చెప్పి, ఒక గిన్నెలో కాస్త తొక్కు వేసి ఇవ్వండి.