చాపెల్ సంగతి సరే, గార్డియన్ ఎవరు?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. ఇంగ్లండ్‌లోని ఒక క్రైస్తవ బోర్డింగ్ స్కూల్లో ఎ-లెవెల్స్‌కి (మన ఇంటర్ లాంటిది) సీటొచ్చింది. మేం హిందువులం. చాపెల్‌కి, అంటే స్కూలు ప్రార్థన మందిరానికి, వెళ్లడం తప్పనిసరట. మతం మార్చేస్తారేమోనని మా అత్తగారి బెంగ. జ్వరమొస్తే చూసేవాళ్లెవరని నా బెంగ. పంపొచ్చా?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి. మన మిషనరీ బడుల్లో ప్రేయర్‌కి నిలబడి చదువుకున్న హిందువుల పిల్లలు మీ ఇంట్లోనే ఒకరిద్దరు ఉండి ఉంటారు. అక్కడి ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) స్కూళ్లలో చాపెల్ కూడా దాదాపు అంతే. పాటలప్పుడు లేచి నిలబడాలి, ప్రసంగం వినాలి. కమ్యూనియన్ (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోనక్కర్లేదు. మతంలో చేరే బాప్టిజం, దాన్ని ధ్రువపరిచే కన్ఫర్మేషన్ కోరి తీసుకునేవే. అయితే ఒక్కో స్కూలు పట్టు ఒక్కోలా ఉంటుంది. హాజరు మినహాయింపు, బీఫ్ లేని భోజనం గురించి మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ఇక మీ బెంగ. పిల్లలుండే హౌస్‌లోనే (హాస్టల్ భవనం) హౌస్ మిస్ట్రెస్, అంటే వార్డెన్, కాపురముంటారు, చాలాచోట్ల కుటుంబంతో సహా. జ్వరమొస్తే మొదట చూసేది హౌస్‌లో పిల్లల బాగోగులు చూసుకునే మేట్రన్, ఆ తర్వాత స్కూలు నర్సు. మనసులో మాట చెప్పుకోవడానికి ట్యూటర్, చాప్లిన్ ఉంటారు. చాప్లిన్ పాస్టరే అయినా ఏ మతం పిల్లలైనా ఆయన గది తలుపు తట్టొచ్చు. వీళ్లెవరితోనూ చెప్పుకోలేని విషయమైతే స్కూలు సిబ్బంది కాని ఒక వ్యక్తి నంబరు పిల్లలకివ్వాలని ఇంగ్లండ్ బోర్డింగ్ ప్రమాణాలే చెబుతున్నాయి. ఆ నంబరు ఎక్కడ అంటించారో అడగండి.

నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబం కథ చెబుతాను. అబ్బాయి రాత్రి చదువు ముగించుకుని తొమ్మిదింటికి ఫోన్ చేసేవాడు. చలికాలంలో మనకది రెండున్నర. నిద్రమత్తులో అమ్మ గొంతు విని వాడు ఏడుపు, వాడి ఏడుపు విని ఈవిడ ఏడుపు! శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక మాట్లాడుకోమని మేట్రనే చెప్పింది. మనకప్పుడు రాత్రి ఏడు. రెండు వారాల్లో ఏడుపులు తగ్గాయి.

నన్నడిగితే అసలు చిక్కు చాపెల్‌తోనూ కాదు, జ్వరంతోనూ కాదు. అక్టోబరు, ఫిబ్రవరి, మే నెలల్లో హాఫ్ టర్మ్ సెలవులొస్తాయి. మధ్యలో ఎగ్జియట్ వారాంతాలు, అంటే పిల్లలు స్కూలు వదిలి బయటికెళ్లే వారాంతాలు, ఉంటాయి. అప్పుడు చాలా హౌస్‌లకు తాళం పడుతుంది. అందుకే ఆ రోజుల్లో పిల్లని చూసుకునే గార్డియన్ అక్కడ కావాలంటారు. లండన్‌లో మీ ఆడపడుచు ఉందనుకోండి, సరేనన్నది మాటవరసకా, నిజంగానా తేల్చుకోండి. గార్డియన్‌ని ఏర్పాటుచేసే ఏజెన్సీ అయితే, అలాంటి ఏజెన్సీలను పరిశీలించే ఏజిస్ సంస్థ గుర్తింపు ఉందో లేదో చూడండి. ఆ ఖర్చు ఫీజులో కలవదు. 2025 జనవరి నుంచి ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది, చెప్పిన ఫీజు దాంతో కలిపేనా అని అడగండి.

డబ్బు కట్టేముందు హౌస్ మిస్ట్రెస్‌తో ఒక వీడియో కాల్ పెట్టించండి. అందులో మాట్లాడాల్సింది మీరు కాదు, అమ్మాయి. మీరు పక్క గదిలో ఉండండి.