మేనల్లుడి క్యారవాన్ షెడ్డుకి రిటైర్మెంట్ డబ్బులు ఇవ్వొచ్చా?

కందుకూరు నుంచి రాసిన మాస్టారికి నమస్కారం. 62 నిండి రిటైరయ్యారు, చేతికి 42 లక్షలొచ్చాయి, నెల్లూరు ఆటోనగర్లో బస్సు బాడీలు కట్టే మేనల్లుడు సొంతంగా క్యారవాన్ల షెడ్డు పెడతా 25 లక్షలియ్యి, ఇంటి కాయితాలు బ్యాంకులో పెట్టు అంటున్నాడు, అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ అనే క్యారవాన్ల కంపెనీ 1931 నుంచి ఇదే పని చేస్తా నిలబడింది గదా మామా అంటున్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు.

ఇల్లు మాత్రం వద్దు మాస్టారూ, ఆ మాట ముందే చెప్తున్నా. ఇంక ఆ ఎయిర్‌స్ట్రీమ్ సంగతి, పిల్లోడు సగమే చెప్పాడు.

వాలీ బయమ్ అనే ఆయన పెట్టిన కంపెనీ అది. 1936లో క్లిప్పర్ అని ఒక బండి తెచ్చాడు, విమానం బాడీ మాదిరి అల్యూమినియం రేకులకి వరసగా రివెట్లు కొట్టి కట్టింది, ఆర్థిక మాంద్యం నడిచే ఆ కరువు రోజుల్లోనే రేటు 1,200 డాలర్లు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, అల్యూమినియం అంతా విమానాలకే పోయింది, షికారు బళ్ళకి రేకు దొరక్క ఫ్యాక్టరీ మూసేశాడు. పనితనంలో లోపమేం లేదు, సరుకే లేదు. యుద్ధం అయినాక మళ్ళీ తెరిచాడు, 1952లో ఒహాయోలో జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో ప్లాంటు పెట్టాడు, 1962లో ఆయన పోయాడు, 1967లో బియాట్రిస్ ఫుడ్స్ అనే తిండి సరుకుల కంపెనీ కొనేసింది. 1969లో చంద్రుడి మీద నుంచి వచ్చిన వ్యోమగాముల్ని క్వారంటైన్లో ఉంచింది కూడా ఎయిర్‌స్ట్రీమ్ బండిని మార్చి కట్టిన దాంట్లోనే, అంత పేరున్న కంపెనీ. అయినా 1973లో ఒకసారి, 1979లో ఇంకోసారి పెట్రోలు కొరత వచ్చేసరికి నష్టాల్లో పడింది, 1980లో థాంప్సన్, ఆర్థ్‌వైన్ అని ఇద్దరు కొని నిలబెట్టారు, ఇట్టాంటి బళ్ళు కట్టే థోర్ ఇండస్ట్రీస్ కంపెనీ పుట్టింది అట్టానే. ఇంగ్లండులో స్ప్రైట్ అనే క్యారవాన్లు కట్టిన క్యారవాన్స్ ఇంటర్నేషనల్ అయితే 1982లో కూలిపోయింది.

అంటే పేరు బతికింది గానీ ఓనర్లు మారిపోయారు. చేతిలో డబ్బులు ఆడకపోతే ఏ ఇంట్లో అయినా ముందు వాయిదా వేసేది ఇట్టాంటి బండినే. మళ్ళీ మంచిరోజులు వచ్చేదాకా ఆగగలిగినోడి డబ్బే అందులో పెట్టాలి, మీది పెన్షన్ మీద నడిచే ఇల్లు.

ఇంకోటి, మీరు హామీ సంతకం పెడితే బ్యాంకు వాళ్ళు మేనల్లుడిని పక్కనపెట్టి నేరుగా మీ మీదకే రావచ్చు, చట్టం ఒప్పుకుంటది.

నేనైతే 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేయమంటా. 8.2 శాతం లెక్కన మూడు నెలలకి 61,500 వస్తది, వేసిన రోజు రేటే అయిదేళ్ళూ ఉంటది. ఆసుపత్రి అవసరాలకి 7 లక్షలు ఎఫ్‌డీ. మిగిలిన 5 లక్షలు పిల్లోడికి ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, చేతిపని తెలిసినోడు, చెయ్యి అందించాల్సిందే. కాకపోతే ఒకేసారి వద్దు, నోటు రాయించుకోని, మొదటి ఆర్డరుకి అడ్వాన్సు వచ్చినాక మిషన్లకి ఇవ్వండి. సొంతంగా చాసిస్‌లు కొనకుండా కస్టమర్ తెచ్చిన ట్రావెలర్ వ్యాన్‌నే మార్చి ఇస్తే పెట్టుబడి చాలా తగ్గుద్ది.

మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అని ప్రమాణాలున్నాయి. ఆ అప్రూవల్ ఎవరి పేరు మీద తీసుకుంటాడో, దానికి ఎంతవుద్దో, ఆర్టీఓ కాడ రిజిస్ట్రేషన్ ఎట్టా చేయిస్తాడో కాయితం మీద రాయించి నాకు పంపండి, చూసి చెప్తా.