సున్నా ముందున్న మైనస్ ఎటు పోయింది?

ప్రశ్న: నమస్తే సార్. ఆకాశంలో చూడాల్సినవాటి జాబితా సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైలుగా దించుకుని, స్ప్రెడ్‌షీట్‌లో వరసలు సర్ది టెలిస్కోప్ యాప్‌లోకి ఎక్కించాను. అమావాస్య రాత్రి మా పొలంలో మెస్సియర్ జాబితాలోని నక్షత్ర గుచ్ఛాల కోసం చూస్తే ఎం15 దొరికింది, దక్షిణాన ఎం30 కూడా దొరికింది. ఎం2 మాత్రం ఎన్నిసార్లు వెతికినా లేదు. టెలిస్కోప్‌ని తిప్పే మోటారు పాడైందా? పైగా అది బాగా ఎత్తున ఉండే సమయం 15:00 అని ఉంది. పట్టపగలా?
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: మోటారు జోలికి వెళ్లకండి బాబూ. మిగతా రెండూ దొరికాయంటే అది బాగానే ఉంది.

ఎం2 క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి దాని దూరం, -00 డిగ్రీల 49 నిమిషాల 23 సెకన్లు. మైనస్ అంటే మధ్యరేఖకు దక్షిణాన అని; నిమిషమంటే ఇక్కడ కాలం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. మీ ఫైలులో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు వేర్వేరు గళ్లలో ఉండి ఉంటాయి. స్ప్రెడ్‌షీట్ -00ని అంకెగా చదివి 0 చేసేస్తుంది. ఎం30కి -23 కాబట్టి మైనస్ నిలిచింది. ఎం2కి ఊడిపోయింది. టెలిస్కోప్ మధ్యరేఖకు అవతల, ఉత్తరం వైపు అంతే దూరం వెళ్లింది. మొత్తం తేడా డిగ్రీ 39 నిమిషాలు, మూడు నిండు చందమామల వెడల్పు కంటే ఎక్కువ. ఒక డిగ్రీ మేర చూపే ఐపీస్‌లో (కన్ను ఆనించే కటకంలో) ఇక ఏం కనిపిస్తుంది?

ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, సున్నాకి ప్లస్, మైనస్ గుర్తు ఉండదని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! నేనే మింటకా దగ్గర బోల్తా పడ్డాను. ఒరియన్ (వేటగాడు) నక్షత్రమండలం నడికట్టులో పడమటి చుక్క అది, క్రాంతి -00 డిగ్రీల 18 నిమిషాలు. కంటికి కనిపించే చుక్కని గురిపెట్టలేక అరగంట స్క్రూలు తిప్పాను.

సేవ్ చేసిన ఫైలుని మళ్లీ టెక్స్ట్‌గా మార్చినా పోయిన మైనస్ రాదు. సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తగా దించండి. దశాంశ డిగ్రీలు అడిగితే -0.823 అని వస్తుంది, గొడవ ఉండదు. యాప్ దాన్ని తీసుకోకపోతే, ఫైలుని డబుల్ క్లిక్‌తో తెరవకుండా ఇంపోర్ట్ చేసి, ఆ గడిని ముందే టెక్స్ట్ అని ఎంచుకోండి. బయల్దేరేముందు డిగ్రీల గడిలో 0 ఉన్న వరసలన్నీ ఒకసారి చూసుకోండి. ఎం77 గెలాక్సీ కూడా అలాంటిదే, కాకపోతే అక్కడ తేడా రెండు నిమిషాలైనా ఉండదు, పట్టుకోలేరు.

15:00 సంగతి తేలిక. అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. అయిదున్నర గంటలు కలపండి, రాత్రి ఎనిమిదిన్నర.