సారూ, ఒక్క డౌటు: నీడ గుట్టు తెలిసింది, మరి దేవుడో?

ప్రశ్న: మొన్న మా క్లాసువాళ్లం నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయినం. లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా ఉండే స్తంభం నీడ కాంతి చేసే పనేనని మా లెక్చరర్ చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాటంటే నాయనమ్మ కోప్పడ్డది. నా దోస్తేమో ‘దేవుడు లేడని తేలిపోయింది కదా’ అంటున్నది. ఉన్నాడనో లేడనో సైన్సు తేల్చగలదా సార్?
– బీఎస్సీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: ముందు నీడ సంగతి చూద్దాం తల్లీ, దేవుడు ఎక్కడికీ పోడు.

బడిలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ ఈ నీడను నేను ఒక ఇత్తడి చెంబుతో చూపించేవాణ్ని. చలికాలంలో ఉత్తరం కిటికీ ఒక్కటే తెరిచి, మిగతావన్నీ మూసేయి. కిటికీకీ ఎదుటి గోడకూ నడుమ, గోడకు దగ్గరగా చెంబు పెట్టు. పొద్దున దాని నీడ ఎక్కడ పడిందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది. ఆ గదికి దీపం సూర్యుడు కాదు, కిటికీ. సూర్యుడు జరుగుతాడు, కిటికీ జరగదు. (జూన్‌లో మాత్రం చేయకు. అప్పుడు పొద్దు తూర్పుకు ఉత్తరంగా పొడుస్తుంది, ఏటవాలు ఎండ ఆ కిటికీలోకే దూరుతుంది. ఒకసారి ఇన్‌స్పెక్షన్ రోజునే నా చెంబు నీడ నడక మొదలుపెట్టింది. పిల్లలకు ఆ ఏడాదంతా అదే ముచ్చట.)

పానగల్లులోనూ జరిగేది ఇదే. గర్భగుడిలోకి నేరుగా ఎండ రాదు. మండపం పక్కల నుంచి చెదిరిన వెలుగు వస్తుంది, దానికి స్తంభాలు అడ్డం. వెలుగొచ్చే ఖాళీలూ కదలవు, స్తంభాలూ కదలవు, ఇక నీడెట్లా కదులుతుంది? ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలపు శిల్పులకు వెలుగు నడక ఎంత బాగా తెలుసో చూడు. నాకైతే మహిమ అన్నదాని కన్నా ఇదే గొప్పగా తోస్తుంది.

ఇక మీ దోస్తు మాట. ‘ఈ నీడ దేవుడి మహిమ’ అన్న ఒక్క మాటే ఇక్కడ ఓడింది. సైన్సు చేతికి చిక్కేవి అట్లాంటి మాటలే. ‘రోగి కోసం వేరేవాళ్లు మొక్కుకుంటే త్వరగా కోలుకుంటాడు’ అన్నారనుకో, దాన్ని పరీక్షించొచ్చు. పరీక్షించారు కూడా. అమెరికాలో 1,802 మంది గుండె బైపాస్ రోగులపై చేసిన ఆ అధ్యయనం 2006లో అచ్చయింది. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన జరిగినవాళ్లకు 52 శాతం, జరగనివాళ్లకు 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చాయి. ‘మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తారు’ అని ముందే చెప్పినవాళ్లలో 59 శాతం! ‘నా పని అంతదాకా వచ్చిందా’ అని బెదిరి ఉంటారని నా అనుమానం.

మరి దీంతో దేవుడు లేడని తేలిందా? వినలేదా, విని ఊరుకున్నాడా, అసలు లేడా? ఏదనుకున్నా ఆ అంకెలతో కుదురుతుంది. ఎటు తిప్పినా కుదిరే మాటను తూచే త్రాసు మా ల్యాబులో లేదు. ‘ఉన్నాడని సైన్సే ఒప్పుకుంది’ అని వాట్సాప్‌లో పంపేవాళ్లకూ నా జవాబు ఇదే. నేనెటువైపంటావా? గుడికి పోతాను, మొక్కులు మొక్కను.

నాకు కోపమొచ్చేది నీడ దగ్గర కాదు, నీళ్ల దగ్గర. మర్రిగూడ, మునుగోడు వైపు కాళ్లు వంకరపోయిన పిల్లల్ని చూసి ‘పోయిన జన్మ పాపం’ అనేవాళ్లు. ఆ పాపం గ్రానైటు రాయిలోంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడుది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లూ ఎముకలూ దెబ్బతింటాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఆ నీళ్లను బాగుచేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన పేరే పెట్టారు. ఆ పిల్లల తల్లులకు ‘పాపం’ అని చెప్పి పంపినవాళ్లతో నేను పోట్లాడాను, ఇప్పుడైనా పోట్లాడతాను. మీ నాయనమ్మతో నాకు పోట్లాట లేదు.

ఆమెను ఈసారి నువ్వే పానగల్లు తీసుకుపో. ఆమె దండం పెట్టుకునేలోపు నీడ అంచు చూడు. చెదిరిన వెలుగు నీడ కాబట్టి, ఎండలో నీ నీడకున్నంత పదునుగా ఉండకూడదు. ఎట్లా ఉందో నాకు రాయి.